వైరస్ ప్రోటీనుల గుర్తింపులో మాస్ స్పెక్ట్రోమెట్రీ

రోగి ముక్కు, గొంతు, లాలాజలం మొదలైన చోట్ల నుండి తీసిన నమూనాలో వైరస్ ప్రోటీనుల ముక్కలు ఉన్నాయో లేవో వాటి ద్రవ్యరాశిని బట్టి తేల్చి, తద్వారా వ్యాధి సోకినదీ లేనిదీ నిర్ధారించే పద్ధతిని మాస్ స్పెక్ట్రోమెట్రీ ఆధారిత వైరస్ నిర్ధారణ అంటారు. వైరస్ సోకిందని తెలుసుకోవడానికి సాధారణంగా మూడు దారులు ఉన్నాయి. వైరస్ జన్యుపదార్థాన్ని వెతకడం ఒకటి (పి.సి.ఆర్. పరీక్ష), వైరస్‌కు ప్రతిగా శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాలను వెతకడం రెండవది, వైరస్ ప్రోటీనులనే నేరుగా వెతకడం మూడవది. ఇంటిలో చేసుకొనే రాపిడ్ యాంటిజెన్ పరీక్ష ఈ మూడవ కోవకు చెందినదే. మాస్ స్పెక్ట్రోమెట్రీ కూడా ఈ కోవలోనిదే గాని, రాపిడ్ పరీక్షలో ప్రోటీనును ఒక ప్రతిరక్షకం "పట్టుకొని" గుర్తిస్తే, ఇక్కడ ఆ ప్రోటీను ముక్కలను తూచి గుర్తిస్తారు.

2020లో కోవిడ్-19 ప్రబలినపుడు పి.సి.ఆర్. పరీక్షకు కావలసిన రసాయనాలు, కిట్లు ప్రపంచమంతటా కొరతపడ్డాయి. ఆ కొరతే ఈ పద్ధతి మీద ఒక్కసారిగా ఆసక్తి కలిగించింది. కాబట్టి ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా కోవిడ్-19 కారకమైన సార్స్-కోవ్-2 వైరస్ నుండే తీసుకోబడ్డాయి.

పేరు గురించి

మాస్ అంటే ద్రవ్యరాశి, స్పెక్ట్రమ్ అంటే వర్ణపటం. అందుచేత దీనిని తెలుగులో ద్రవ్యరాశి వర్ణపటమితి అనవచ్చు. ఇందులో వర్ణాలు ఏమీ ఉండవు. గాజు పట్టకం తెల్లని కాంతిని రంగులుగా విడదీసినట్లు ఈ యంత్రం కలగాపులగంగా ఉన్న అణువులను బరువుల వారీగా విడదీస్తుంది కనుక ఆ పేరు వచ్చింది. ప్రయోగశాలలలో "మాస్ స్పెక్" అనే పొట్టి పేరే వాడుకలో ఉంది.

యంత్రం పనిచేసే తీరు

కంటికి కనబడని అణువును త్రాసులో వేసి తూచలేము. కాని అణువుకు విద్యుదావేశం అంటగట్టగలిగితే దానిని విద్యుత్ క్షేత్రంతో తోయవచ్చు, త్రిప్పవచ్చు, ఊపవచ్చు. ఒకే బలంతో తోసినపుడు తేలికైనది త్వరగా, బరువైనది నెమ్మదిగా కదులుతుంది. మాస్ స్పెక్ట్రోమీటరు ఆధారపడేది ఈ చిన్న సూత్రం మీదనే. ఇందులో మూడు భాగాలు ఉంటాయి. అణువుకు ఆవేశం కల్పించే భాగం, ఆవేశం కల అణువులను (అనగా అయానులను) విడదీసే భాగం, వచ్చినవాటిని లెక్కించే భాగం. రెండవ, మూడవ భాగాలు శూన్యంలో ఉండాలి, లేకపోతే అయానులు గాలిలోని అణువులను ఢీకొని దారి తప్పుతాయి.

విడదీయడంలో పలు రకాలు ఉన్నాయి. అయానులను ఒక గొట్టం గుండా పరుగెత్తించి, అవతలి కొసకు చేరే కాలాన్ని కొలిచేది ఒకటి (టైమ్ ఆఫ్ ఫ్లైట్). నాలుగు లోహపు కడ్డీల మధ్య మారే విద్యుత్ క్షేత్రం కల్పించి, కోరిన బరువు గల అయానులను మాత్రమే దాటనిచ్చేది మరొకటి (క్వాడ్రపోల్). ఒక కదురు వంటి ఎలక్ట్రోడు చుట్టూ అయానులను త్రిప్పుతూ వాటి డోలనాల పౌనఃపున్యాన్ని కొలిచే ఆర్బిట్రాప్ 2005లో విపణిలోకి వచ్చింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించాలి. ఏ యంత్రమైనా కొలిచేది ద్రవ్యరాశిని కాదు, ద్రవ్యరాశిని ఆవేశంతో భాగించగా వచ్చే నిష్పత్తిని. 1,000 డాల్టన్ల అణువు మీద ఒక ఆవేశం ఉంటే సుమారు 1,000 దగ్గర, రెండు ఉంటే సుమారు 500 దగ్గర గీత కనబడుతుంది. (డాల్టన్ అంటే స్థూలంగా ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు.)

ఏనుగులకు రెక్కలు

ఈ యంత్రం పాతదే. జె. జె. థామ్సన్ నియాన్ వాయువులో 20, 22 ద్రవ్యరాశులు గల రెండు రకాల పరమాణువులు ఉన్నట్లు 1913లో ప్రకటించాడు. ఆయన శిష్యుడు ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో మెరుగైన యంత్రం నిర్మించి అనేక మూలకాల ఐసోటోపులను కనుగొని, 1922లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. తరువాత పెట్రోలియం పరిశ్రమలోను, సేంద్రియ రసాయనంలోను ఇది బాగా వాడుకలోకి వచ్చింది. అయితే దాదాపు ఏడు దశాబ్దాల పాటు జీవశాస్త్రజ్ఞులకు ఇది అంతగా ఉపయోగపడలేదు. కారణం సులభమైనది. అణువు యంత్రంలోకి వెళ్ళాలంటే ముందు వాయురూపంలోకి మారాలి. ప్రోటీనును వేడి చేస్తే ఆవిరి కాదు, మాడిపోతుంది. గ్రుడ్డును పెనం మీద వేస్తే ఏమవుతుందో అందరికీ తెలిసినదే.

ఈ చిక్కును 1980లలో రెండు వేర్వేరు దారులలో విప్పారు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాన్ ఫెన్ ప్రోటీను ద్రావణాన్ని సన్నని సూది గుండా పంపి, సూదికి కొన్ని వేల వోల్టుల విద్యుత్పీడనం పెట్టాడు. ద్రావణం ఆవేశం కల తుంపరగా మారుతుంది. తుంపరలోని ద్రావణి ఆరిపోగా ప్రోటీను అణువు ఆవేశాలతో సహా గాలిలో మిగులుతుంది. దీనిని ఎలక్ట్రోస్ప్రే అంటారు. అణు ప్రపంచపు ఏనుగులకు రెక్కలు తొడగడమని ఫెన్ తన నోబెల్ ప్రసంగంలో దీనిని వర్ణించాడు.

రెండవ దారి జపాన్‌లోని క్యోటో నగరంలో షిమాజు సంస్థలో మొదలయింది. అక్కడి ఇంజనీరు కొయిచి తనాక విద్యుత్ ఇంజనీరింగు చదివినవాడు, డాక్టరేటు లేనివాడు. లేజరు కాంతితో పెద్ద అణువులను లేపడానికి సన్నని కోబాల్టు పొడిని వాడుతూ, 1985లో ఒకనాడు పొరపాటున ఆ పొడిలో ఎసిటోన్‌కు బదులు గ్లిజరిన్ కలిపాడు. పారవేయడానికి మనసొప్పక దానినే వాడి చూడగా పెద్ద అణువులు చెక్కుచెదరకుండా పైకి లేచాయి. ఇంచుమించు అదే కాలంలో జర్మనీలో ఫ్రాన్జ్ హిల్లెన్‌క్యాంప్, మిఖాయేల్ కరాస్‌లు లేజరు కాంతిని పీల్చుకొనే సేంద్రియ స్ఫటికాలలో ప్రోటీనులను కలిపి లేపే పద్ధతిని అభివృద్ధి చేశారు. నేడు మాల్డి అన్న పేరుతో ప్రయోగశాలలలో ఉన్నది ఈ జర్మన్ పద్ధతే. 2002 రసాయనశాస్త్ర నోబెల్‌లో ఫెన్‌కు, తనాకకు భాగం దక్కింది (మిగిలిన సగం ఎన్.ఎమ్.ఆర్. పద్ధతికి కుర్ట్ వ్యూట్రిష్‌కు ఇచ్చారు). జర్మన్ శాస్త్రజ్ఞులకు అన్యాయం జరిగిందని అప్పట్లో వాదోపవాదాలు చెలరేగాయి. ఆ వాదంలో పస లేకపోలేదు.

ఇక వైరస్‌ల సంగతి. 1996లో గ్యారీ సియుజ్డాక్ బృందం పొగాకు మొక్కలకు తెగులు తెచ్చే టొబాకో మొజాయిక్ వైరస్‌ను ముక్కలు చేయకుండా యథాతథంగా మాస్ స్పెక్ట్రోమీటరులోకి ఎగిరించింది. యంత్రం గుండా పోయివచ్చిన వైరస్ తిరిగి మొక్కలకు తెగులు సోకించగలిగింది. ఈ వైరస్ సుమారు 4 కోట్ల డాల్టన్ల బరువు ఉంటుంది. ఇది ఆశ్చర్యకరమైన ప్రయోగమే గాని రోగనిర్ధారణకు పనికివచ్చేది కాదు. ఆసుపత్రి నమూనాలో వైరస్ ఒంటరిగా, శుభ్రంగా దొరకదు.

వైరస్‌లో వెతకవలసినది ఏది

సార్స్-కోవ్-2 వైరస్ కణంలో నాలుగు నిర్మాణ ప్రోటీనులు ఉన్నాయి. వార్తలలో ఎక్కువగా వినబడినది ముల్లు ఆకారపు స్పైక్ ప్రోటీను. దీనిలో 1,273 అమైనో ఆమ్లాలు ఉంటాయి. టీకాలకు అది ముఖ్యం. కాని నిర్ధారణకు చాలామంది ఎంచుకొన్నది లోపల ఆర్.ఎన్.ఏ.ను చుట్టుకొని ఉండే న్యూక్లియోకాప్సిడ్ ప్రోటీనును. దీనిలో 419 అమైనో ఆమ్లాలు ఉంటాయి, బరువు సుమారు 46,000 డాల్టన్లు.

ఈ ఎంపికకు కారణం సంఖ్యాబలం. ఒక్కొక్క వైరస్ కణంలో స్పైక్ ప్రోటీను ప్రతులు సుమారు 300 ఉంటే, న్యూక్లియోకాప్సిడ్ ప్రతులు సుమారు 1,000 ఉంటాయని అంచనా. అంతేకాక స్పైక్ మీద చక్కెర గొలుసులు అతుక్కొని ఉంటాయి. చక్కెర అతుక్కొన్న ముక్క బరువు ఒక్కొక్క ప్రతిలో ఒక్కొక్క విధంగా ఉంటుంది కనుక తూచి గుర్తించడం కష్టం. రాపిడ్ యాంటిజెన్ పరీక్షలు కూడా ఎక్కువగా న్యూక్లియోకాప్సిడ్‌నే వెతుకుతాయి.

నమూనా నుండి ఫలితం వరకు

పుల్లతో ముక్కు లోపలి నుండి తీసిన స్రావాన్ని ముందు వేడితోనో, డిటర్జెంటుతోనో, ఆల్కహాలుతోనో నిర్వీర్యం చేస్తారు. దీనితో వైరస్ పగిలి ప్రోటీనులు బయటపడతాయి, పరీక్ష చేసేవారికి అంటుకొనే ప్రమాదం కూడా తప్పుతుంది. తరువాత చల్లని ఎసిటోన్ వంటి ద్రావణితో ప్రోటీనులను అడుగుకు దింపి, ట్రిప్సిన్ అనే ఎంజైమును కలిపి 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచుతారు. మన చిన్న ప్రేవులలో మాంసకృత్తులను అరిగించే ఎంజైము ఇదే. ఇది ప్రోటీను గొలుసును ఎక్కడ పడితే అక్కడ తెంపదు. లైసీన్, ఆర్జినీన్ అనే రెండు అమైనో ఆమ్లాల తరువాత మాత్రమే తెంపుతుంది (వాటి పక్కన ప్రోలీన్ ఉంటే సాధారణంగా వదిలివేస్తుంది). ఈ క్రమశిక్షణ వలన ఒక ప్రోటీను నుండి ఏయే ముక్కలు వస్తాయో కాగితం మీదనే లెక్కకట్టవచ్చు. ఈ ముక్కలను పెప్టైడులు అంటారు.

మొత్తం ప్రోటీనును తూచక ముక్కలు చేయడం ఎందుకని సందేహం రావచ్చు. పెద్ద ప్రోటీను ఎన్నో ఆవేశాలతో, ఎన్నో గీతలుగా చెదిరిపోతుంది. దాని సంకేతం పలచబడుతుంది. చిన్న పెప్టైడు ఒకటి రెండు గీతలలో గట్టిగా నిలుస్తుంది. పైగా యంత్రం చిన్నవాటిని విరగగొట్టి లోపలి క్రమాన్ని కూడా చదవగలదు.

తరువాత పెప్టైడుల మిశ్రమాన్ని ద్రవ క్రోమటోగ్రఫీ స్తంభం గుండా పంపుతారు. నూనెకు దగ్గరి స్వభావం గల పెప్టైడులు స్తంభంలో ఎక్కువసేపు నిలుస్తాయి, నీటికి దగ్గరివి ముందే బయటకు వస్తాయి. అలా ఒకదాని వెనుక ఒకటి వస్తున్న పెప్టైడులు ఎలక్ట్రోస్ప్రే సూది ద్వారా యంత్రంలోకి ప్రవేశిస్తాయి.

ఒక పెప్టైడు ఆనవాలు

ట్రిప్సిన్ కోతలో న్యూక్లియోకాప్సిడ్ ప్రోటీను 267వ అమైనో ఆమ్లం నుండి 276వ దాని వరకు గల పది అమైనో ఆమ్లాల ముక్క ఒకటి వస్తుంది. దాని క్రమం ఇది: అలనీన్, టైరోసిన్, ఆస్పరజీన్, వాలీన్, థ్రియోనీన్, గ్లుటమీన్, అలనీన్, ఫినైల్ అలనీన్, గ్లైసీన్, ఆర్జినీన్. కోవిడ్ పరీక్షల మీద వచ్చిన పరిశోధనలలో ఎక్కువగా కనబడే పెప్టైడులలో ఇది ఒకటి.

ఈ పది అమైనో ఆమ్లాల బరువులను కూడి, కొసలలో మిగిలే ఒక నీటి అణువు బరువును కలిపితే 1125.56 డాల్టన్లు వస్తుంది. ఎలక్ట్రోస్ప్రేలో ఇది సాధారణంగా రెండు ప్రోటానులను తగిలించుకొంటుంది. అప్పుడు నిష్పత్తి 563.79 అవుతుంది. యంత్రంలోని మొదటి క్వాడ్రపోల్ 563.79 దగ్గర ఉన్నవాటిని మాత్రమే లోపలికి వదులుతుంది.

ఇంతటితో సరిపోదు. ముక్కు స్రావంలో మనిషి ప్రోటీనుల ముక్కలు వేలకొద్దీ ఉంటాయి, వాటిలో 563.79 దగ్గర పడేవి కొన్ని ఉండకపోవు. అందుకని లోపలికి వచ్చిన అయానులను నైట్రోజన్, ఆర్గాన్ వంటి వాయువుతో ఢీకొట్టించి విరగగొడతారు. పెప్టైడు గొలుసు అమైనో ఆమ్లాల నడుమ కీళ్ళ వద్ద విరుగుతుంది. ఆర్జినీన్ కొసను పట్టుకొని ఉన్న ముక్కలను చూస్తే 578.30, 679.35, 778.42, 892.46 అనే గీతలు వరుసగా వస్తాయి. వీటి మధ్య తేడాలు చూడండి. 679.35 నుండి 578.30 తీసివేస్తే 101.05, అది థ్రియోనీన్ బరువు. 778.42 నుండి 679.35 తీసివేస్తే 99.07, అది వాలీన్. 892.46 నుండి 778.42 తీసివేస్తే 114.04, అది ఆస్పరజీన్. అనగా గీతల మధ్య ఎడం చూసి గొలుసులోని అక్షరాలను వరుసగా చదవవచ్చు. తల్లి ముక్క బరువు, పిల్ల ముక్కల బరువులు, స్తంభం నుండి బయటకు వచ్చిన సమయం, ఈ మూడూ సరిపోలితే పొరపడే అవకాశం చాలా తక్కువ.

అయితే ఈ లెక్కలో కొన్ని గడుసు చిక్కులు ఉన్నాయి. లూసీన్, ఐసోలూసీన్‌ల బరువు ఒక్కటే. గ్లైసీన్, అలనీన్ రెండూ కలిస్తే సరిగ్గా గ్లుటమీన్ బరువు. పై పెప్టైడుకు తోడుగా వాడే మరొక పెప్టైడు (376 నుండి 385 వరకు గలది) రెండు ఆవేశాలతో 564.79 దగ్గర పడుతుంది. మొదటి పెప్టైడులో రెండు కార్బన్‌లు బరువైన కార్బన్-13గా ఉన్న ప్రతులు కూడా 564.79 దగ్గరే పడతాయి! ఈ రెంటినీ మొదటి తూకంలో వేరుచేయడం సాధారణ క్వాడ్రపోల్ తరం కాదు. ముక్కలుగా విరగగొట్టినపుడు, బయటకు వచ్చే సమయాలు చూసినపుడు మాత్రమే తేడా తెలుస్తుంది. కనుక ఒక్క సంఖ్యను చూసి తీర్పు చెప్పరాదు.

ఎంచుకొన్న పెప్టైడు మరెక్కడా ఉండరాదన్నది మరొక నియమం. మనిషి ప్రోటీనులలోను, నోటిలోని బాక్టీరియాలోను, ఇతర కరోనా వైరస్‌లలోను ఆ క్రమం లేదని దత్తాంశ నిధులలో వెతికి నిర్ధారించుకొంటారు. 2003 నాటి సార్స్ వైరస్‌లో ఇదే చోట మొదటి అమైనో ఆమ్లం అలనీన్ కాక గ్లుటమీన్. మిగిలిన తొమ్మిదీ ఒకటే. ఒకే అక్షరం తేడా అయినా బరువులో 57.02 డాల్టన్లు తేడా వస్తుంది కనుక యంత్రం ఈ రెండు వైరస్‌లను సులభంగా వేరు చేస్తుంది. ప్రతిరక్షకం మీద ఆధారపడే పరీక్షలో ఇటువంటి దగ్గరి చుట్టాలను వేరు చేయడం ఎల్లప్పుడూ సాధ్యం కాదు.

కొలబద్దగా బరువైన జంట

పెప్టైడు ఉందని చెప్పడమే కాక ఎంత ఉందో చెప్పడానికి ఒక ఉపాయం ఉంది. అదే క్రమం గల పెప్టైడును కృత్రిమంగా తయారుచేసి, అందులోని ఆర్జినీన్‌లో మామూలు కార్బన్, నైట్రోజన్‌లకు బదులు వాటి బరువైన ఐసోటోపులను వాడతారు. రసాయనికంగా రెండూ ఒకటే; స్తంభం నుండి ఒకేసారి వస్తాయి, ఒకే విధంగా విరుగుతాయి. కాని బరువైనది 10.01 డాల్టన్లు ఎక్కువ, కనుక 563.79కు బదులు 568.79 దగ్గర కనబడుతుంది. తెలిసిన పరిమాణంలో దీనిని నమూనాలో కలిపి, రెండు గీతల ఎత్తులను పోల్చితే వైరస్ పెప్టైడు ఎంత ఉన్నదీ తెలుస్తుంది.

దీనివలన మరొక లాభం ఉంది. బరువైన జంట కనబడి, వైరస్ పెప్టైడు కనబడకపోతే "యంత్రం పనిచేసింది, వైరస్ పెప్టైడు గుర్తించగల మోతాదులో లేదు" అని చెప్పవచ్చు. రెండూ కనబడకపోతే పరీక్షే చెడిపోయిందని అర్థం. నెగెటివ్ ఫలితానికి, విఫలమైన పరీక్షకు మధ్య తేడా తెలియకపోతే రోగిని నిశ్చింతగా ఇంటికి పంపివేసే ప్రమాదం ఉంది.

పెంచడానికి వీలులేని అణువులు

ఈ పద్ధతికి గల అసలు బలహీనత ఇక్కడ ఉంది. పి.సి.ఆర్. పరీక్షలో ప్రతి ఆవృత్తంలోను జన్యుపదార్థం సుమారు రెట్టింపు అవుతుంది. 40 ఆవృత్తాలు పూర్తయితే సిద్ధాంతరీత్యా ఒక్క ప్రతి లక్ష కోట్లకు పైగా ప్రతులుగా పెరుగుతుంది. ప్రోటీనును ఇలా పెంచే ఉపాయం ప్రకృతిలో లేదు. నమూనాలో ఎన్ని ఉంటే అన్నిటినే తూచాలి.

లెక్క వేసి చూద్దాం. అతి సూక్ష్మ పరిమాణాలను ఆటోమోల్‌లలో కొలుస్తారు. ఒక ఆటోమోల్ అంటే సుమారు 6 లక్షల అణువులు. ఒక యంత్రానికి నమ్మకంగా గుర్తించడానికి 100 ఆటోమోల్‌ల పెప్టైడు కావాలి అనుకొందాం. అంటే 6 కోట్ల అణువులు. ఒక్కొక్క వైరస్ కణంలో 1,000 న్యూక్లియోకాప్సిడ్‌లు ఉన్నాయనుకొంటే ఇందుకు 60,000 వైరస్ కణాల సరుకు కావాలి, అదీ మధ్యలో ఏమీ నష్టం కాకుండా సూది వరకు చేరాలి. మంచి పి.సి.ఆర్. పరీక్ష నమూనాలో కొద్ది వందల ప్రతులు ఉన్నా పట్టుకోగలదు. అయితే పగిలిన కణాల నుండి వైరస్‌లోకి చేరని న్యూక్లియోకాప్సిడ్ కూడా విడుదలవుతుంది కనుక వాస్తవంలో అంతరం ఈ లెక్క చూపినంత ఉండకపోవచ్చు. అయినా అంతరం ఉన్నమాట నిజం.

దీనికి తోడు సోపతి సమస్య. ముక్కు స్రావంలోను, లాలాజలంలోను అమైలేజ్, ఆల్బ్యుమిన్, మ్యూసిన్ వంటి మనిషి ప్రోటీనులు వైరస్ ప్రోటీనుల కన్నా లక్షల రెట్లు ఎక్కువగా ఉంటాయి. ఇవి సూది వద్ద ఆవేశాన్ని తామే దోచుకొని వైరస్ పెప్టైడు గీతను అణచివేస్తాయి. తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లవాడి గొంతు వినడం వంటిది ఇది.

ఇందుకు విరుగుడుగా ప్రతిరక్షకాలను సహాయానికి తెచ్చుకోవచ్చు. లీ ఆండర్సన్ 2004లో ప్రతిపాదించిన సిస్కాపా పద్ధతిలో, కావలసిన పెప్టైడును మాత్రమే పట్టుకొనే ప్రతిరక్షకాలను అయస్కాంతపు పూసల మీద అతికించి మిశ్రమంలో వేస్తారు. పూసలను అయస్కాంతంతో లాగి, కడిగి, వాటికి అంటుకొన్న పెప్టైడును మాత్రమే యంత్రంలోకి పంపుతారు. అప్పుడు గొడవ తగ్గుతుంది, సున్నితత్వం పెరుగుతుంది. కాని ప్రతిరక్షకాల అవసరం లేకపోవడమే ఈ పద్ధతి గొప్ప అని మొదట చెప్పుకొన్నాము. కొత్త వ్యాధి వచ్చినపుడు మంచి ప్రతిరక్షకం తయారు కావడానికి నెలలు పడుతుంది. పెప్టైడు బరువు మాత్రం వైరస్ జన్యుక్రమం ప్రకటించిన రోజునే లెక్కకట్టవచ్చు. కనుక ఈ విరుగుడు ఒక మేరకు సూత్రాన్నే వదులుకొన్నట్లు. అయినా రోగికి కావలసినది సరియైన ఫలితం గాని సూత్రం కాదు.

కోవిడ్-19 కాలపు ప్రయత్నాలు

2020లో జర్మనీలోని మార్టిన్ లూథర్ విశ్వవిద్యాలయం (హాలె-విటెన్‌బర్గ్) పరిశోధకులు రోగులు పుక్కిలించి ఉమ్మిన ద్రావణంలో వైరస్ పెప్టైడులను గుర్తించారు. ఇది సాధ్యమేనని చూపిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. అదే సంవత్సరం బ్రెజిల్ పరిశోధకులు ఒక్కొక్క యంత్రంతో రోజుకు 500కు పైగా నమూనాలను పరీక్షించగల వ్యవస్థను ప్రకటించారు. పి.సి.ఆర్.తో ముందే పరీక్షించిన 985 నమూనాలపై దానిని ప్రయోగించగా, పాజిటివ్‌లలో 84 శాతం వరకు పట్టుకొంది, నిర్దిష్టత 97 శాతం వరకు వచ్చింది. అనగా వ్యాధి ఉన్న ప్రతి ఆరుగురిలో ఒకరు తప్పించుకొన్నారు. పెద్ద సంఖ్యలో జనాన్ని వడపోయడానికి ఇది పనికిరావచ్చు గాని, ఆసుపత్రి వార్డులో చేర్చుకొనే ముందు చేసే పరీక్షకు చాలదు.

2021లో అమెరికాలోని మేయో క్లినిక్ బృందం ప్రతిరక్షకాల పూసలతో ముందుగా వడకట్టి, యంత్ర అభ్యసనంతో గీతలను చదివించి, 98 శాతం సున్నితత్వాన్ని, 100 శాతం నిర్దిష్టతను సాధించినట్లు ప్రకటించింది. ఈ బృందానికి నాయకత్వం వహించిన అఖిలేశ్ పాండే బెంగుళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్ స్థాపకుడు కూడా.

దక్షిణ అమెరికాలోనే చిలీ, అర్జెంటీనా, పెరూ దేశాల నుండి సేకరించిన 362 నమూనాలతో 2020లో వచ్చిన మరొక పరిశోధన దారి వేరు. అందులో వైరస్ పెప్టైడును ప్రత్యేకించి వెతకలేదు. నమూనాను నేరుగా మాల్డి యంత్రంలో పెట్టి, వచ్చిన గీతల మొత్తం తీరును కంప్యూటరుకు నేర్పి, సోకినవారి తీరును సోకనివారి తీరును వేరుచేయించారు. ఖచ్చితత్వం 93.9 శాతం వరకు వచ్చింది. పాఠకులు ఈ రెండు దారులను ఒకటిగా భావించరాదు. రెండవ దారిలో కంప్యూటరు చూస్తున్నది చాలావరకు రోగి శరీరపు స్పందన కావచ్చు. మరొక వైరస్ వలన కూడా అటువంటి స్పందన వస్తే యంత్రం పొరపడదని హామీ ఏమిటి? ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఫ్లూ, జలుబు రోగుల నమూనాలతో కూడా పరీక్షించాలి.

అలాగే కొన్ని సంస్థల మాల్డి పరీక్షలు వైరస్ జన్యుపదార్థాన్ని ముందు పి.సి.ఆర్.తో పెంచి, తరువాత ఆ డి.ఎన్.ఏ. ముక్కలను తూచుతాయి. అవి మాస్ స్పెక్ట్రోమెట్రీ పరీక్షలే గాని ప్రోటీను పరీక్షలు కావు.

ఇంతలో పి.సి.ఆర్. కొరతకు ఇతర మార్గాలు కూడా దొరికాయి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. నమూనా పుల్లను ద్రవంలో ముంచకుండా పొడిగానే తెచ్చి, ఆర్.ఎన్.ఏ.ను వేరుచేసే మెట్టు లేకుండా పి.సి.ఆర్. చేసే పద్ధతిని రూపొందించగా, భారత వైద్య పరిశోధన మండలి 2020 నవంబరులో దానికి ఆమోదం తెలిపింది. అప్పటికే ఉన్న యంత్రాలతో, తక్కువ రసాయనాలతో పని జరిగే ఇటువంటి పద్ధతులకు కోట్ల రూపాయల ఖరీదు చేసే మాస్ స్పెక్ట్రోమీటరు పోటీ కాలేకపోయింది.

వైరస్ మారితే

2021లో భారతదేశంలో రెండవ తరంగానికి కారణమైన డెల్టా రకంలో న్యూక్లియోకాప్సిడ్ 377వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లానికి బదులు టైరోసిన్ వచ్చి చేరింది. పైన చెప్పిన రెండవ పెప్టైడు (376 నుండి 385) లోని రెండవ అక్షరం ఇదే. ఈ మార్పుతో పెప్టైడు బరువు 48.04 డాల్టన్లు పెరుగుతుంది, 564.79 దగ్గర పడవలసినది 588.80 దగ్గర పడుతుంది. 564.79ను మాత్రమే చూడమని ఆదేశించిన యంత్రానికి డెల్టా సోకిన రోగి నమూనాలో ఆ పెప్టైడు అసలు కనబడదు. వైరస్ నిండా ఉన్నా ఫలితం నెగెటివ్ అని వస్తుంది. అందుకని ఎప్పుడూ ఒకటి కాక రెండు మూడు పెప్టైడులను కలిపి చూస్తారు. పి.సి.ఆర్. పరీక్షలోనూ ఇటువంటిది జరిగింది. ఆల్ఫా రకంలో స్పైక్ జన్యువు నుండి ఆరు అక్షరాలు రాలిపోవడంతో కొన్ని కిట్లలో ఎస్-జన్యువు సంకేతం రాలేదు. మిగిలిన రెండు జన్యువుల సంకేతాలు ఉండబట్టి వ్యాధి బయటపడింది.

ఈ బలహీనతనే బలంగా వాడుకోవచ్చు. 588.80ను కూడా చూడమని చెబితే వ్యాధి ఉందనే కాక ఏ రకమో కూడా తెలుస్తుంది. ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ల రకాలను, ఉపరకాలను ఇలా పెప్టైడుల బరువులను బట్టి పోల్చే పనిని ఆస్ట్రేలియాలో కెవిన్ డౌనార్డ్ బృందం కోవిడ్‌కు పదేళ్ళ ముందే మొదలుపెట్టింది. దీనికి ప్రోటియోటైపింగ్ అని పేరు.

బాక్టీరియా విషయంలో

ఆసుపత్రి ప్రయోగశాలలలో మాస్ స్పెక్ట్రోమీటరు కొత్త వస్తువు కాదు. రక్తంలోనో మూత్రంలోనో పెరిగిన బాక్టీరియా ఏ జాతిదో మాల్డి యంత్రంతో నిమిషాలలో తేల్చడం చాలా పెద్ద ఆసుపత్రులలో నిత్యకృత్యం. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2013లో ఇటువంటి యంత్రాలకు తొలిసారి అనుమతి ఇచ్చింది. అక్కడ సాధ్యమైనది వైరస్ వద్ద ఎందుకు కష్టమైంది? బాక్టీరియాను పళ్ళెంలో పెంచి, ఒక్క జాతి మాత్రమే ఉన్న గుంపును పుల్లతో తీసి యంత్రంలో పెట్టవచ్చు. అందులో లక్షలాది కణాలు, ఒక్కొక్క కణంలో వేలాది రైబోసోములు, వాటి ప్రోటీనులు సమృద్ధిగా ఉంటాయి. వైరస్ పళ్ళెంలో పెరగదు, దానికి సజీవ కణం కావాలి. పెంచినా ఆ కణపు ప్రోటీనుల మధ్య వైరస్ ప్రోటీనులు మునిగిపోతాయి.

వాడుక

ప్రస్తుతం వైరస్ వ్యాధుల నిత్య నిర్ధారణలో ప్రోటీను మాస్ స్పెక్ట్రోమెట్రీ పి.సి.ఆర్. స్థానాన్ని తీసుకోలేదు. పరిశోధనలో మాత్రం దీని అవసరం ఉంది. పి.సి.ఆర్. పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ వ్యక్తి నుండి ఇతరులకు వ్యాధి సోకుతుందని చెప్పలేము. వైరస్ నశించిన తరువాత కూడా ఆర్.ఎన్.ఏ. శకలాలు వారాల తరబడి కనబడతాయి. ప్రోటీను పరిమాణాన్ని ఖచ్చితంగా కొలవగలిగితే ఈ సందేహంలో కొంత స్పష్టత వస్తుందని పరిశోధకులు ఆశిస్తున్నారు. రాపిడ్ యాంటిజెన్ కిట్లు నిజంగా ఎంత ప్రోటీనును పట్టుకోగలవో సరిచూడడానికి, ఫ్లూ టీకాలలో హీమాగ్లుటినిన్ ప్రోటీను ఎంత ఉందో కొలవడానికి కూడా పైన చెప్పిన బరువైన జంట పద్ధతినే వాడవచ్చు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం టీకాల విషయంలో ఈ పని చేసింది. ముంబైలోని ఐ.ఐ.టి. పరిశోధకులు కోవిడ్ రోగుల ముక్కు నమూనాలలో మనిషి ప్రోటీనులనే తూచి, వ్యాధి తీవ్రమైనవారిలో ఏవి మారుతున్నాయో 2021లో పరిశీలించారు. అక్కడ వెతికినది వైరస్‌ను కాదు, వైరస్ శరీరంలో చేసిన అలజడిని.